మీకు తెలుసా? 251 కొట్టినా పతకం దక్కని జట్టు, ఇంకొన్ని ఢిల్లీ బాస్కెట్‌బాల్ కబుర్లు

గిన్నిస్‌కెక్కిన ఢిల్లీ మ్యాచ్

1982 ఏషియాడ్ అనగానే మనకు అప్పూ ఏనుగు పిల్ల, పక్కింట్లో కొత్తగా వచ్చిన కలర్ టీవీ, పి.టి. ఉష రెండు రజతాలు గుర్తొస్తాయి. అదే నవంబరులో, అదే ఢిల్లీలో ఇరాక్ బాస్కెట్‌బాల్ జట్టు యెమెన్ మీద 251 పాయింట్లు కొట్టింది. యెమెన్ చేసినవి 33. సీనియర్ అంతర్జాతీయ మ్యాచ్‌లో ఒక జట్టు చేసిన అత్యధిక స్కోరుగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. తేడా 218 పాయింట్లు. మామూలు మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి కొట్టినా అన్ని పాయింట్లు రావడం కష్టం.

ఇంతా చేసి ఇరాక్‌కు పతకం రాలేదు. స్వర్ణం దక్షిణ కొరియాకు, రజతం చైనాకు, కాంస్యం జపాన్‌కు పోయాయి. బలహీనమైన జట్టు మీద కొండంత స్కోరు చేయడం ఒక పని, బలమైన జట్టు మీద ఒక్క పాయింటుతో గట్టెక్కడం మరో పని.

ఆ 251లో మూడు పాయింట్ల షాట్ ఒక్కటీ లేదు

ఉండే వీలే లేదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లోకి మూడు పాయింట్ల గీత వచ్చింది 1984లో. అంతకుముందు ఎంత దూరం నుంచి వేసినా బుట్టలో పడితే రెండే. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 251 బేసి సంఖ్య. రెండేసి చొప్పున ఎన్ని కొట్టినా బేసి రాదు. అంటే ఇరాక్ ఖాతాలో ఒక్క పాయింటు తెచ్చే ఫ్రీ త్రో కనీసం ఒకటి ఉండి తీరాలి. యెమెన్ 33కీ అదే లెక్క. స్కోర్ షీట్ చూడకుండానే ఇంత చెప్పొచ్చు!

ఆట నిడివి 40 నిమిషాలు. ఒకే ఒక్క ఫ్రీ త్రో పడిందనుకుంటే మిగిలినవి 125 బుట్టలు, అంటే సగటున 19 సెకన్లకు ఒకటి. బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఆనాటి నిబంధన 30 సెకన్లు ఇచ్చేది. యెమెన్ బంతి పట్టుకున్న సమయాన్ని కూడా ఇందులోంచే తీసేయాలి. అంటే అవతలివాళ్ళు తప్పు చేయడం, వీళ్ళు బంతి లాక్కుని పరుగెత్తడం, రింగు కిందనుంచి వేయడం... ఆట మొత్తం ఇలాగే సాగి ఉండాలి. ఓడుతున్న జట్టు బంతిని కాపాడుకోలేకపోవడమే ఇలాంటి స్కోర్లకు అసలు కారణం. గెలిచినవాళ్ళ గురి గురించి మనం మాట్లాడుకున్నంతగా ఓడినవాళ్ళ డ్రిబ్లింగ్ గురించి మాట్లాడుకోం.

గెలుపు ఖాయమయ్యాక కూడా ఎందుకు కొడతారు?

దయ లేక కాదు, పట్టిక కోసం. లీగ్ దశలో రెండు మూడు జట్లు సమానంగా నిలిస్తే ముందు వాటి మధ్య జరిగిన మ్యాచ్‌లు చూస్తారు. అప్పటికీ తేలకపోతే గ్రూపు మొత్తం మీద పాయింట్ల తేడా లెక్కలోకి వస్తుంది. క్రికెట్‌లో నెట్ రన్ రేట్ కోసం జట్లు పడే తాపత్రయం తెలిసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. 40 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న కోచ్ టైమ్ అవుట్ తీసుకుంటే గ్యాలరీలో జనం నవ్వుతారు గానీ, ఆయన లెక్క ఆయనకుంటుంది.

ఢిల్లీ కాలేజీల్లో ఏకపక్షపు ఆటలు

ఢిల్లీ విశ్వవిద్యాలయం అంతర్ కళాశాలల పోటీల్లో తొలి రౌండ్లు చూసినవాళ్ళకు ముప్పై పాయింట్ల తేడా ఏమంత వింత కాదు. దాని వెనక ఆట కంటే ముందు అడ్మిషన్ ఉంటుంది. ఈ విశ్వవిద్యాలయంలో క్రీడలకూ, ఇతర పాఠ్యేతర కార్యకలాపాలకూ కలిపి మొత్తం సీట్లలో 5 శాతానికి మించకుండా కోటా ఉంది. ఏ ఆటకు ఎన్ని సీట్లివ్వాలో కాలేజీలు తమ అవసరాన్ని బట్టి చెబుతాయి. ఒక కాలేజీ బాస్కెట్‌బాల్‌కు సీట్లు పెడుతుంది, ట్రయల్స్‌లో జాతీయ స్థాయి ఆడి వచ్చిన పిల్లల్ని తీసుకుంటుంది. ఇంకో కాలేజీ ఆ సీట్లను షూటింగ్‌కో, చదరంగానికో ఇస్తుంది. దాని బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేది స్కూల్లో సరదాగా ఆడినవాళ్ళు. ఈ రెండూ తొలి రౌండ్‌లో ఎదురుపడితే స్కోరు ఎలా ఉంటుందో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఫలితం సగం అడ్మిషన్లప్పుడే తేలిపోయి ఉంటుంది.

నా మటుకు ఇలాంటి మ్యాచ్‌లో చూడదగ్గది చివరి పది నిమిషాలు. మంచి కోచ్ అప్పటికి తన తొలి ఐదుగురినీ కూర్చోబెడతాడు. ఏడాది పొడవునా వాటర్ బాటిళ్ళు మోసిన ఫస్టియర్ పిల్లలు కోర్టులోకి వస్తారు. 50 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు బెంచి ఒక్క ఫ్రీ త్రోకు లేచి నిలబడి చప్పట్లు కొట్టిందంటే, వేసినవాడికి అది కాలేజీ తరఫున మొదటి పాయింటు అయివుంటుంది. అక్కడున్న ఐదుగురూ సీనియర్లే అయితే ఆ కోచ్ గురించి నా అభిప్రాయం వేరేగా ఉంటుంది, పట్టిక సంగతి ఎలా ఉన్నా.

ఈ విశ్వవిద్యాలయంలో మనవాళ్ళ కాలేజీ కూడా ఒకటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. కుర్రాళ్ళ నోట్లో అది ‘వెంకీ’. ధౌలా కువా దగ్గరున్న ఆ కాలేజీకి మెట్రోలో వెళితే దిగాల్సిన స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రి ఆడబిడ్డ పేరు ఢిల్లీ పిల్లలు రోజూ మైకులో వింటున్నారన్నమాట.

తొలి జాతీయ పోటీలు ఎక్కడ?

అదీ ఢిల్లీలోనే, 1934లో, పురుషులకు. అఖిల భారత సమాఖ్య ఏర్పడింది మాత్రం 1950లో. మరుసటి ఏడాది ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లోనే బాస్కెట్‌బాల్ ఉంది. ఆడినవి ఐదు జట్లు. ఫిలిప్పీన్స్, జపాన్, ఇరాన్ పతకాలు పట్టుకుపోగా మనం నాలుగో స్థానంలో నిలిచాం. ఐదోది బర్మా.

హైదరాబాద్ నారాయణగూడ వైఎంసీఏ మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళు గమనించే ఉంటారు, అక్కడ బాస్కెట్‌బాల్‌కున్న పట్టు. కాకతాళీయం కాదది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టింది వైఎంసీఏ శిక్షణ పాఠశాలలోనే. బాల్కనీకి పీచ్ పళ్ళ బుట్టలు బిగించి, జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడించిన మొదటి మ్యాచ్ స్కోరెంతో తెలుసా? 1–0. అక్కణ్నుంచి 251–33కి రావడానికి పట్టింది 91 ఏళ్ళు.

మనమూ తిన్నాం

1980 మాస్కో ఒలింపిక్స్‌ను చాలా దేశాలు బహిష్కరించడంతో భారత పురుషుల జట్టుకు చోటు దొరికింది. సోవియట్ జట్టు చేతిలో 121–65తో ఓడాం. ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండో స్థానంతో తిరిగొచ్చాం. మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ముచ్చట అదొక్కటే. కానీ సోవియట్ జట్టు మీద 65 పాయింట్లు తక్కువేం కాదని నేనంటాను.

గ్రేటర్ నోయిడా కుర్రాడు, 33 పాయింట్ల గెలుపు

2017 మేలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ సంస్థ గ్రేటర్ నోయిడాలోని జేపీ గ్రీన్స్ క్రీడా ప్రాంగణంలో ఒక అకాడమీ తెరిచింది. దేశమంతటా వెతికి ఎంపిక చేసిన పిల్లలకు ఆట, చదువు, బస అన్నీ అక్కడే ఏర్పాటు చేసింది. పంజాబ్ నుంచి అక్కడికొచ్చిన ప్రిన్స్‌పాల్ సింగ్ 2021లో శాక్రమెంటో కింగ్స్ సమ్మర్ లీగ్ జట్టులో చోటు సంపాదించాడు. లాస్ వేగాస్‌లో జరిగిన ఫైనల్లో ఆ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌ను 100–67తో చిత్తుచేసింది. ఎన్‌బీఏ ఏ స్థాయిలోనైనా టైటిల్ గెలిచిన జట్టులో ఉన్న తొలి భారతీయుడు అతనే.

అదే అకాడమీ నుంచి అమాన్ సంధు న్యూజెర్సీలోని మన్మత్ విశ్వవిద్యాలయానికి స్కాలర్‌షిప్ మీద వెళ్ళాడు. ఎన్‌బీఏ అకాడమీ మహిళా కార్యక్రమంలో శిక్షణ పొందిన హర్‌సిమ్రన్ కౌర్‌ను శాన్ డియేగో విశ్వవిద్యాలయం తీసుకుంది. అమెరికాలో కాలేజీ ఆట అంటే ఎన్‌బీఏకు దీటైన జాతర కాబట్టి ఇవి చిన్న సంగతులు కావు.

నలుగురు అక్కచెల్లెళ్ళు

దివ్య, ప్రశాంతి, ఆకాంక్ష, ప్రతిమ. వారణాసికి చెందిన ఈ సింగ్ సోదరీమణులు నలుగురూ దేశానికి ఆడారు. ప్రశాంతి, ఆకాంక్ష ఢిల్లీ జట్టుకు వెన్నెముకగా నిలిచారు. ప్రశాంతికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ప్రతిమ భర్త ఎవరో క్రికెట్ అభిమానులకు తెలుసు: ఢిల్లీ ఫాస్ట్ బౌలర్ ఇషాంత్ శర్మ. ఆ ఇంట్లో పొడగరితనం గురించి వేరే చెప్పాలా!

అమెరికా కాలేజీల లెక్కలు వేరు

1992 జనవరి 12న ట్రాయ్ స్టేట్ జట్టు డివ్రై ఇన్‌స్టిట్యూట్ మీద 258–141తో గెలిచింది. 109 మూడు పాయింట్ల షాట్లు ప్రయత్నించి 51 పడేసింది. ఓడిన జట్టు 141 కొట్టిందని గమనించండి.

2012లో గ్రినెల్ కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్కడే ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు చేశాడు. అందుకోసం 108 సార్లు బంతి విసిరాడు. మిగతా నలుగురూ ఏం చేశారంటారా? బంతి అతనికి అందించారు.

2024 జనవరిలో గ్రాంబ్లింగ్ స్టేట్ అమ్మాయిలు 159–18తో గెలిచారు. తేడా 141.

వీటన్నిటికంటే నాకు నచ్చేది యూకాన్ కథ. 2016 మార్చిలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం అమ్మాయిలు మిసిసిపీ స్టేట్‌ను 98–38తో ఓడించారు. సరిగ్గా 60 పాయింట్ల తేడా. ఏడాది తిరిగాక 2017 మార్చి 31న అవే రెండు జట్లు మళ్ళీ తలపడ్డాయి. అప్పటికి యూకాన్ వరసగా 111 మ్యాచ్‌లు గెలిచి ఉంది. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్ళింది. ఆఖరి క్షణంలో మోర్గన్ విలియం వేసిన షాట్‌తో మిసిసిపీ స్టేట్ 66–64తో గెలిచింది. ఆ జట్టులో ఆమె పొట్టి అమ్మాయి.

తల్లకిందులైన ఏకపక్షం కూడా ఉంది. అమెరికా కాలేజీల జాతీయ టోర్నీలో ఒక్కో విభాగంలో అట్టడుగు, పదహారో ర్యాంకు జట్టు మొదటి ర్యాంకు జట్టుతో తొలి రౌండ్ ఆడుతుంది. పురుషుల పోటీల్లో 135 సార్లు అలా ఆడితే 135 సార్లూ పెద్ద జట్టే గెలిచింది. ఆ తర్వాతిసారి, 2018 మార్చి 16న, పదహారో ర్యాంకు యూఎంబీసీ మొదటి ర్యాంకు వర్జీనియాను ఓడించింది, అదీ 74–54తో. విరామానికి స్కోరు 21–21. బాల్టిమోర్ దగ్గరున్న ఆ క్యాంపస్‌లో ఎం.ఎస్. చదివిన మనవాళ్ళను ఆ రాత్రి గురించి అడిగి చూడండి.

నిబంధనల పుస్తకంలోని చమత్కారాలు

ఆట సమయానికి ఐదుగురు సిద్ధంగా లేకపోతే పదిహేను నిమిషాలు చూస్తారు. ఆ తర్వాత మ్యాచ్ అవతలి జట్టుకే, 20–0 స్కోరుతో. ఢిల్లీ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న జట్లకు ఈ అంకె బాగా తెలుసు.

ఆట మధ్యలో ఫౌళ్ళతో, దెబ్బలతో ఒక్కొక్కరే తప్పుకుని కోర్టులో ఆడగలిగినవాళ్ళు ఇద్దరికంటే తగ్గిపోతే ఆ జట్టు ఓడినట్టు. అవతలి జట్టు అప్పటికే ముందుంటే ఉన్న స్కోరే నిలుస్తుంది. లేకపోతే 2–0గా రాస్తారు.

ముగ్గురు ముగ్గురుగా ఆడే 3×3లో అసలు కొండంత స్కోరుకే తావు లేదు. 21 పాయింట్లు ముందు చేసినవాళ్ళతో ఆట అయిపోతుంది. ఇరాక్ అక్కడ ఆడి ఉంటే ఎప్పుడో ఇంటికి పంపేసేవారు.

ఆఖరుగా, పొరపాటున సొంత బుట్టలోనే బంతి వేసేస్తే? ఆ రెండు పాయింట్లూ ఎదుటి జట్టువి. స్కోర్ షీట్‌లో మాత్రం అవి కోర్టులో ఉన్న ఎదుటి కెప్టెన్ పేరు మీద పడతాయి, ఆయన ఆ సమయంలో కోర్టు అవతలి కొసన నిలబడి ఉన్నా సరే. కావాలని వేస్తే మాత్రం ఎవరికీ ఏమీ రావు, అది తప్పు కింద లెక్క.