గెలిపించేది ఐదోవాడే!

పరుగుపందెంలో గెలిచేది ఎవరు? అని అడిగితే, "ఇందులో అడగడానికేముంది? అందరికంటే ముందు వచ్చినవాడే!" అంటారు మీరు. కాని ఒక పరుగుపందెం ఉంది. అందులో మొదటి మూడు స్థానాలూ ఒకే బడి పిల్లలకు వచ్చినా ఆ బడి ఓడిపోవచ్చు. ఏడో స్థానంలో, ఎనిమిదో స్థానంలో వచ్చినవాళ్ల బడికి కప్పు దక్కవచ్చు. వింతగా ఉంది కదూ?

ఆ పందెం పేరు క్రాస్ కంట్రీ. సున్నపు గీతలు గీసిన చదునైన మైదానంలో కాక, గడ్డినేలల్లో, మట్టిబాటల్లో, మిట్టపల్లాల్లో కొన్ని కిలోమీటర్లు పరుగెత్తే పందెం ఇది. అమెరికా హైస్కూళ్లలో సాధారణంగా 5 కిలోమీటర్ల దూరం పెడతారు. ఒక్కొక్క బడి నుంచి ఏడుగురు దిగుతారు. వాళ్లలో ముందు వచ్చిన ఐదుగురి స్థానాలను కూడుతారు. ఆ మొత్తం ఏ జట్టుకు తక్కువ వస్తే ఆ జట్టు గెలిచినట్టు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఎర్ర జట్టువాళ్లు 1, 2, 3, 20, 30 స్థానాల్లో వచ్చారనుకోండి. మొత్తం 56. పచ్చ జట్టువాళ్లు 6, 7, 8, 9, 10 స్థానాల్లో వచ్చారు. మొత్తం 40. కప్పు పచ్చ జట్టుదే!

ఇప్పుడు ఎర్ర జట్టు ఏం చెయ్యాలి? మొదటి వచ్చినవాడు ఇంకెంత వేగంగా పరుగెత్తినా 1 కంటే చిన్న అంకె రాదు. కాని 30వ స్థానంలో వచ్చిన కుర్రవాడు 12వ స్థానానికి రాగలిగితే, 20వ స్థానంలో వచ్చినవాడు ఒక స్థానం వెనక్కి జరిగి 21 అయినా, మొత్తం 39 అవుతుంది. ఎర్ర జట్టు గెలుస్తుంది. అంతేకాదు, ఐదుగురు పందెం పూర్తి చెయ్యకపోతే ఆ జట్టును అసలు లెక్కలోకే తీసుకోరు. అంటే జట్టును గెలిపించేదీ ఓడించేదీ కూడా ఐదోవాడేనన్న మాట.

మరి ఆ ఐదోవాడిని ముందుకు తేవడం ఎలా? ఆ పని పందెం రోజున జరిగేది కాదు. వేసవి సెలవుల్లో జరుగుతుంది.

ఎండల ఊరి పిల్లలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ వాకీన్ లోయ ఉంది. అక్కడ మెక్‌ఫార్లండ్ అనేది ఒక చిన్న ఊరు. చుట్టూ నారింజ, బాదం, ద్రాక్ష తోటలు. వేసవిలో అక్కడ ఎండ 38 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం మామూలే. మెక్సికో నుంచి వచ్చి ఆ తోటల్లో కూలి చేసుకునే కుటుంబాలు ఆ ఊళ్లో ఎక్కువ. పిల్లలు కూడా పెద్దవాళ్లతో పాటు పొలానికి వెళ్లేవారు.

1964లో జిమ్ వైట్ అనే ఉపాధ్యాయుడు ఆ ఊరికి వచ్చాడు. 1980 ప్రాంతంలో హైస్కూలు మగపిల్లల క్రాస్ కంట్రీ జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఈ ఆటకు ఖరీదైన సామాను అక్కర్లేదు. తోటల మధ్య మట్టిబాటలున్నాయి, పిల్లల కాళ్లున్నాయి. పిల్లలు పరుగెత్తుతుంటే మాస్టారు సైకిలు మీద వెంట వెళ్లేవాడు.

1987లో కాలిఫోర్నియా రాష్ట్రంలో మొట్టమొదటిసారిగా హైస్కూళ్లకు రాష్ట్రస్థాయి క్రాస్ కంట్రీ పోటీ జరిగింది. తన విభాగంలో గెలిచింది మెక్‌ఫార్లండ్! 2001 నాటికి ఆ బడి ఇలా 9 సార్లు రాష్ట్ర విజేత అయింది. 2015లో వాళ్ల కథను సినిమాగా కూడా తీశారు.

అమెరికాలో వేసవి సెలవులు జూన్ నుంచి ఆగస్టు వరకు ఉంటాయి. పందేలు సెప్టెంబరులో మొదలై నవంబరు చివరి వరకు సాగుతాయి. అందుకే అక్కడి జట్లు సెలవుల్లోనే తయారవుతాయి. అయితే ఎండాకాలం పరుగులో ఒక చిక్కుంది. ఆ చిక్కేమిటో తెలియాలంటే మన ఒంట్లోకి తొంగిచూడాలి.

ఒంట్లో పొయ్యి

మనం తిన్న అన్నంలోని శక్తి అంతా పరుగుకే ఉపయోగపడుతుందనుకుంటాం. నిజానికి కండరాలు దానిలో సుమారు నాలుగో వంతునే కదలికగా మార్చగలవు. మిగిలినదంతా వేడే.

50 కిలోల బరువున్న విద్యార్థి ఒక కిలోమీటరు పరుగెత్తితే సుమారు 50 కిలోకాలరీల శక్తి ఖర్చవుతుంది. అందులో 40 కిలోకాలరీల దాకా వేడిగా మారుతుంది. ఆ విద్యార్థి ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఇంచుమించు అంతే వేడి చాలు! అంటే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోకపోతే కిలోమీటరుకు ఒక్కొక్క డిగ్రీ చొప్పున జ్వరం ఎక్కినట్టే. 37 డిగ్రీలతో బయలుదేరినవాడు 5 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 42 డిగ్రీలకు చేరతాడు. అంత వేడి ప్రాణానికే ముప్పు.

అలా జరగకుండా కాపాడేది చెమట. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరి అయితే దాదాపు 0.58 కిలోకాలరీల వేడి దానితో పోతుంది. మీరు పాఠంలో చదువుకున్న బాష్పీభవన గుప్తోష్ణం ఇదే. 40 కిలోకాలరీలు పోవాలంటే 70 గ్రాముల చెమట ఆవిరి కావాలి. గాలి చల్లగా ఉంటే గాలి కూడా కొంత వేడిని లాగేసుకుంటుంది. మన రోహిణీ కార్తె మధ్యాహ్నాల్లో లాగ గాలి చర్మం కంటే వేడిగా ఉంటే? అప్పుడు గాలి కూడా మనకే వేడినిస్తుంది. చెమట ఒక్కటే దిక్కు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చెమట ఆవిరైతేనే చల్లదనం. కారి నేలపాలైన చెమట వల్ల లాభం లేదు. కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఉక్కపోత రోజున చొక్కా తడిసి ముద్దయినా ఒళ్లు చల్లబడదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండటమే కారణం. అనంతపురం పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, పుట్టింది పుట్టినట్టే ఆవిరవుతుంది. అలాగని అక్కడ నీళ్లు తాగడం మరిచిపోతే ప్రమాదమే సుమా!

రెండు వారాల పాఠం

అదృష్టవశాత్తు మన శరీరం మంచి విద్యార్థి. రోజూ కొద్దికొద్దిగా వేడిలో శ్రమిస్తే 10 నుంచి 14 రోజుల్లో అది కొత్త పాఠం నేర్చుకుంటుంది.

మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. దానితో కండరాలకూ చర్మానికీ కూడా చాలినంత రక్తం అందుతుంది. గుండె మునుపటంత వేగంగా కొట్టుకోనక్కర్లేదు. తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది. అంతకంటే విచిత్రం, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. స్వేదగ్రంథులు ఉప్పును వెనక్కి తీసుకుని పొదుపు చేస్తాయి.

అయితే ఈ పాఠాన్ని శరీరం త్వరగా మరిచిపోతుంది కూడా. కొన్ని వారాలు నీడపట్టున కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది. అందువల్ల వేసవి శిక్షణలో మొదటి రెండు వారాలు అత్యంత ప్రమాదకరమైనవి. చాంపియన్‌తో సమానంగా మొదటి రోజే ఐదు కిలోమీటర్లు పరుగెత్తబోయే కొత్త పిల్లవాడే ఎక్కువగా దెబ్బతింటాడు. ఆ కొత్త పిల్లవాడు ఎవరో గుర్తుపట్టారా? మన ఐదోవాడే!

మాట్లాడుతూ పరుగెత్తండి

మరి ఎంత వేగంతో పరుగెత్తాలి? దీనికి గడియారం అక్కర్లేదు. మీ నోరే కొలబద్ద. పక్కనున్న స్నేహితుడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? అయితే మీ వేగం సరైనదే. ఒక్కొక్క మాటకూ రొప్పుతున్నారంటే, ప్రాణవాయువుతో వచ్చే శక్తి చాలక కండరాలు అది అక్కర్లేని మరో దారిన కూడా శక్తి తియ్యవలసి వస్తున్నదన్న మాట. ఆ దారిన ఎక్కువ దూరం పోలేరు.

మాట్లాడుతూ సాగే నిదానపు పరుగే శరీరానికి పునాది వేస్తుంది. వారాలు గడిచేకొద్దీ గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నని రక్తకేశనాళికలు కొత్తగా పుడతాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. ఎముకలు, స్నాయుబంధనాలు మాత్రం ఇంకా ఆలస్యంగా బలపడతాయి. ఆయాసం తగ్గింది కదా అని ఒక్కసారిగా దూరం పెంచితే కాలి ముందుభాగపు ఎముక నొప్పి పెడుతుంది. అది "ఆగు" అని చెబుతున్నట్టు.

మాటల వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. నలుగురూ మాట్లాడుకుంటూ పరుగెత్తాలంటే వేగంగా పోయేవాడు తగ్గాలి. వెనకబడేవాడు కలిసిరావాలి. ఎవరింట్లో ఏమిటో, ఎవరి కాలు నొప్పో, ఎవరు నిన్న అన్నం తినలేదో అప్పుడే తెలుస్తుంది. జట్టు అంటే ఒకే రంగు చొక్కాలు వేసుకోవడం కాదు. ఒకరి ఊపిరి ఒకరికి తెలియడం.

పక్కవాడే కాపలా

ఇది మంచిమాటగా మాత్రమే చెప్పడం లేదు. దీని మీద ప్రాణాలే ఆధారపడవచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు మెదడు తికమకపడుతుంది. వడదెబ్బ తగిలినవాడికి తనకు వడదెబ్బ తగిలిందని తెలియదు! "నాకేం కాలేదు" అంటూనే పరుగెత్తుతాడు. అతని మాట తడబడటం, కాళ్లు తేలిపోవడం, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పడం ముందుగా గమనించగలిగేది పక్కనున్న మిత్రుడే. చర్మం పొడిగా ఉండాలని కూడా లేదు. పరుగులో వడదెబ్బ తగిలినవాడికి చెమట పడుతూనే ఉండవచ్చు.

అలాంటప్పుడు వెంటనే నీడకు చేర్చండి. పెద్దలను కేకెయ్యండి, ఎవరినైనా 108కి ఫోను చెయ్యమనండి. వాహనం వచ్చేదాకా ఊరికే నిలబడవద్దు. తొట్టి ఉంటే తల మాత్రం పైకి పట్టుకుని చల్లని నీళ్లలో కూర్చోబెట్టండి. లేకపోతే ఒళ్లంతా బిందెలతో నీళ్లు పోసి విసరండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తీసుకెళ్లాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.

మీ బడిలో మొదలుపెట్టండి

మనకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అవే ఏడాదిలో ఎక్కువ ఎండలు కాసే రోజులు. కాబట్టి మన శిక్షణ తెల్లవారుజామునే జరగాలి. ఎండకు అలవాటుపడటమంటే మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం కాదు. మన దగ్గర ఉదయపు వేడి కూడా తక్కువేమీ కాదు.

ముందు మీ డ్రిల్లు మాస్టారికి చెప్పండి. గుండెజబ్బు, ఉబ్బసం వంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడిగి రావాలి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున ఎవరూ పరుగెత్తకూడదు. కనీసం ఏడుగురు ఆడపిల్లలో, మగపిల్లలో జట్టుగా చేరండి.

మొదటి రెండు వారాలు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. తర్వాత వారానికి కొంచెం చొప్పున పెంచండి. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా సాగండి. దాహం వేసినప్పుడల్లా తాగండి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మంచివి. అవసరం లేకున్నా బిందెల కొద్దీ మంచినీళ్లు తాగడం కూడా ప్రమాదమే.

ఒక నోటుపుస్తకం పెట్టండి. రోజూ నిద్రలేవగానే, పక్కమీద ఉండగానే, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో రాయండి. వారాలు గడిచేకొద్దీ ఆ అంకె మెల్లగా తగ్గవచ్చు. ఒకనాడు హఠాత్తుగా పెరిగితే ఆ రోజు విశ్రాంతి తీసుకోండి.

బడి తెరిచాక పక్క ఊరి బడిని పందేనికి పిలవండి. స్థానాలు కూడి చూడండి. మీ మొదటివాడు గీత దాటగానే చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోకండి. వెనక్కి తిరిగి నిలబడండి. దుమ్ములో, చెమటలో, పళ్లు బిగించి ఒకడు వస్తుంటాడు. సెలవుల్లో రోజూ మీ పక్కన పరుగెత్తినవాడు. అతన్ని పేరు పెట్టి పిలవండి. మీ కప్పు అతని చేతిలోనే ఉంది.