తీగలేని గృహోపకరణములు - కొనువారికి సూచనలు

చేతిలోని ఫోనుతో దీపమును వెలిగించుటకును, గీజరును ఆపుటకును వీలగు ఉపకరణములు నేడు పల్లెలకును వచ్చినవి. వానిని కొనదలచిన సభ్యులకు మేము మూడు విషయములను మనవి చేయుచున్నాము.

మొదటిది విద్యుచ్ఛక్తి. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. అమెరికాలో 120 వోల్టులు. అచ్చటి బిడ్డలు ప్రేమతో పంపిన ప్లగ్గు 120 వోల్టులకు మాత్రమే తగినదైనచో ఇచ్చట కాలిపోవును. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటును తీసికొనును. దానికి 6 ఆంపియర్ల ప్లగ్గు పెట్టుట నిప్పును కొనితెచ్చుకొనుటయే. 16 ఆంపియర్లది కావలెను. త్రీఫేజు పంపుసెట్టుకు ఇట్టి ప్లగ్గులు బొత్తిగా పనికిరావు. దానికి తగిన స్టార్టరే యుండవలెను.

రెండవది పొత్తు. వై-ఫై, జిగ్‌బీ, జడ్-వేవ్ అనునవి వేర్వేరు పద్ధతులు. ఒకదాని మాట మరియొకదానికి తెలియదు. జడ్-వేవ్ పరికరములు అమెరికాలో 908, మన దేశమున 865 మెగాహెర్ట్జుల చెంత పనిచేయును గనుక అచ్చటివి ఇచ్చటివానితో కలియవు. ఈ చిక్కును తగ్గించుటకే 2022లో మాటర్ అను ఉమ్మడి పద్ధతి వెలువడినది. పెట్టెపై ఆ గుర్తు కలదేమో చూడుడు. హబ్బు వేరుగా కొనవలెనేమో అంగడిలోనే యడుగుడు.

మూడవది భద్రత. పరికరముతోపాటు వచ్చిన పాస్‌వర్డును మార్పకుండుట తలుపునకు తాళము వేసి చెవిని గడపపై నుంచుట వంటిది.

ఇంటర్నెట్టు ఆగినను చేతితో నొక్కు స్విచ్చు పనిచేయవలెను. అట్లు చేయని వస్తువు ఎంత చౌకయైనను కొనకుండుటయే మేలు.