200 డాలర్ల తిట్టు

కొత్త ఇంగ్లీషు మాట ఏది చెవిన పడ్డా దాని పుట్టిల్లు వెతకడం నా అలవాటు. చాలా మాటలకు కన్నవాళ్లెవరో తెలియదు. "స్కాఫ్‌లా"కి మాత్రం ఊరుంది, ఏడాది ఉంది, బహుమతీ ఉంది.

1920 జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం అమలైంది. సారా కాయడం, అమ్మడం, తరలించడం నేరం. తాగడం నేరం కాదు. మసాచుసెట్స్‌లోని క్విన్సీ ఊళ్లో డెల్సివేర్ కింగ్ అనే ధనికుడికి ఇది మింగుడుపడలేదు. చట్టం పట్టనివాణ్ణి సిగ్గయినా పట్టుకోవాలనుకున్నాడు. దొంగచాటుగా తాగేవాడికి గుచ్చుకునే తిట్టొకటి చెప్పండి, 200 డాలర్లిస్తానన్నాడు. పాతిక వేలకు పైగా మాటలొచ్చాయి. 1924 జనవరిలో గెలిచింది స్కాఫ్‌లా, అంటే చట్టాన్ని వెక్కిరించేవాడు. ఒకే మాట ఇద్దరికి తోచింది కాబట్టి డబ్బు చెరిసగం పంచారు.

నెల తిరక్కుండానే పారిస్‌లోని హ్యారీస్ న్యూయార్క్ బార్ అదే పేరుతో ఒక కాక్‌టెయిల్ కలిపింది!

కింగ్‌ను నేను తేలిగ్గా చూడలేను. తాగుడికి కూలిన ఇళ్లను చూసి దశాబ్దాలపాటు ఆడవాళ్లు చేసిన పోరాటం ఆ చట్టం వెనక ఉంది. కానీ ఆయన నమ్ముకున్న సిగ్గు అప్పటికే ఇల్లు మారింది. పాత సెలూన్లు, అంటే మద్యశాలలు, ఎక్కువగా మగవాళ్లవి. రహస్య మద్యశాల "స్పీక్‌ఈజీ"లో, అంటే మెల్లగా మాట్లాడమనే చోట, జుట్టు కురచగా కత్తిరించుకున్న అమ్మాయిలూ జాజ్ వింటూ కూర్చున్నారు. దొంగసారా "హూచ్". అలాస్కాలోని ఒక ట్లింగిట్ తెగ పేరు నుంచి వచ్చిన మాట అది. బాగా నచ్చినదాన్ని ఆ రోజుల్లో "బీస్ నీస్" అన్నారు, తేనెటీగ మోకాళ్లని. అర్థం వెతక్కండి, పలికి చూడండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసే మాట "డేట్". అంతకుముందు మధ్యతరగతి ఇళ్లలో "కాలింగ్" ఆచారం ఉండేది. అమ్మాయో ఆమె తల్లో రమ్మంటేనే అబ్బాయి వచ్చి ముందుగదిలో కూర్చునేవాడు. డేట్‌కి పిలిచేది అబ్బాయి, ఖర్చు పెట్టేదీ అతనే. సినిమాకో డాన్సుకో కలిసి వెళ్లడం, వీలుంటే కారులో. అమ్మాయికి గడప దాటే స్వేచ్ఛ వచ్చింది, రమ్మని పిలిచే హక్కు పోయింది. అందులో లాభమెంతో నష్టమెంతో నేనింకా తేల్చుకోలేదు.

1933 డిసెంబరులో మద్యనిషేధం ఎత్తేశారు. స్కాఫ్‌లా మాత్రం బతికే ఉంది. పార్కింగ్ జరిమానాలు ఎగ్గొట్టేవాణ్ణి అమెరికాలో ఇప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు.