కృష్ణా తీరంలో సముద్ర ప్రణాళిక: ఫలితాల మదింపు ఎట్లు?

విజయవాడ: ఒకే జలాలలో చేపలవేట, నౌకాయానం, మడ అడవుల సంరక్షణ ఒకదానికొకటి అడ్డు కాకుండా హద్దులు నిర్ణయించడమే సముద్ర ప్రాదేశిక ప్రణాళిక. ఇటువంటి ప్రణాళికల మదింపునకు యునెస్కో అంతర ప్రభుత్వ సముద్రశాస్త్ర కమిషన్ 2014లో మార్గదర్శిని వెలువరించింది.

కృష్ణా తీరానికి ఈ హద్దులు కొత్తవి కావు. 1994 నాటి రాష్ట్ర చట్టం, దాని నిబంధనల కింద తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించబడినది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మర పడవల వేటపై నిషేధం అమలవుతున్నది. 2011 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ కృష్ణా ప్రాంతాన్ని అతి సున్నిత తీరప్రాంతాలలో చేర్చినది.

నిషేధ దినాలలో పట్టుబడిన పడవల లెక్క అమలు తీరును మాత్రమే తెలుపుతుంది, చేప పెరిగినదీ లేనిదీ తెలుపదు. తరచు ఈ రెండింటినీ ఒకటిగా భావించడం జరుగుతున్నది. నిషేధానంతరం గిలకలదిండి హార్బరుకు చేరే చేపల పరిమాణం, వేటకు ఖర్చయిన డీజిలు ఏటా ఒకే పద్ధతిలో నమోదు కావలసి ఉన్నది. 8 కిలోమీటర్ల లోపల మర పడవల వల్ల తెగిన వలల వివరాలను మత్స్యకారుల నుండే సేకరించవలసి ఉంటుంది.

మచిలీపట్నం ఓడరేవు పనులు 2023లో ప్రారంభమయ్యాయి. ఓడల రాకపోకలకు ముందటి వేట ప్రాంతాలు, తీరరేఖ వివరాలు భద్రపరచినప్పుడే, తదుపరి మార్పు ఓడరేవు వల్లనా, తుఫాను వల్లనా అన్నది అధికారులు నిర్ధారించగలుగుతారు.