స్కౌటు మేష్టారి జీతమెంత? ట్రూపు డబ్బు ఎవరి చేతిలో ఉండాలి?

బడులు తెరిచే జూన్ నెలలో పిల్లల చేత ఇంటికి వచ్చే చీటీల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ చీటీ ఒకటి. చేరదలచినవారు పేరివ్వాలి, యూనిఫారం కుట్టించుకోవాలి, ఇంత రుసుము కట్టాలి అని అందులో ఉంటుంది. గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లో ఆ చీటీ చూసిన తల్లిదండ్రులు అడిగే మాటలు రెండే: “ఇందులో చేరితే మా గుంటడికి ఏటి లాభం? ఈ డబ్బులు ఎవరికి పోతాయి?” రెండూ న్యాయమైన ప్రశ్నలే. కూలికి పోయే ఇంట్లో రెండు వందలు చిన్న మొత్తం కాదు. సంఘ పెద్దలకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి. శిబిరానికి చర్చి ఆవరణ ఇమ్మని, చందా ఇమ్మని అడిగితే ఏమి చూసి ఇవ్వాలి?

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, స్కౌట్స్ ఒకటి కావు. ఎన్‌సీసీ 1948 చట్టంతో ఏర్పడి రక్షణ శాఖ కింద నడుస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్ 1969లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం. స్కౌటింగ్ మాత్రం స్వచ్ఛంద సంస్థ. ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది, కొంత గ్రాంటు ఇస్తుంది, విద్యాశాఖ అధికారులు పదవుల్లో ఉంటారు. అయినా ఊళ్లో నడిచే యూనిట్ బతికేది ఆ ఊరి పెద్దవాళ్ల ఓపిక మీద, వారు పోగుచేసుకున్న డబ్బు మీద.

దీని పుట్టుకలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1883లో గ్లాస్గోలో విలియం స్మిత్ అనే సండేస్కూలు ఉపాధ్యాయుడు, అల్లరి మాన్పించలేక సతమతమవుతూ, తరగతి పిల్లలకు డ్రిల్లు, క్రమశిక్షణ జోడించి బాయ్స్ బ్రిగేడ్ మొదలుపెట్టాడు. బేడెన్ పవల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపంలో మొదటి శిబిరం పెట్టినప్పుడు తీసుకెళ్లిన ఇరవైమంది పిల్లల్లో కొందరు పేరున్న బడుల వారు, కొందరు ఆ బ్రిగేడ్ కుర్రాళ్లు. దొరబిడ్డలు, పనివాళ్ల బిడ్డలు ఒకే డేరాలో పడుకోవడం ఆనాటి ఇంగ్లండులో చిన్న విషయం కాదు.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో వచ్చింది. మొదట్లో తెల్లవారి, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే ప్రవేశం. అందుకే అనీ బిసెంట్, అరండేల్ మద్రాసులో భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. అప్పుడు మన విజయనగరం కూడా మద్రాసు రాజధానిలోనిదే. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్‌లు 1918లో సేవాసమితి స్కౌట్లను నడిపారు. ఇలా విడివిడిగా ఉన్నవి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా కలిశాయి. బాలికల గైడ్ సంఘం 1951 ఆగస్టు 15న వచ్చి చేరింది. స్కౌటు అనే మాటను పేరులో పెట్టుకున్న సంస్థలు నేడు ఒకటికి మించి ఉన్నాయి. ప్రపంచ స్కౌట్ సంస్థలో మన దేశం తరఫున సభ్యత్వం ఉన్నది భారత్ స్కౌట్స్‌కే. చీటీ మీద ఏ సంస్థ పేరుందో చదవడం వృథా పని కాదు.

ఇక మేష్టారి జీతం సంగతి. అది సున్న. మన రాష్ట్రంలో 2019 తరువాత ‘వాలంటీర్’ అంటే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద ఇంటింటికీ తిరిగిన వ్యక్తి అనే అర్థం స్థిరపడింది. స్కౌటింగ్‌లో ఆ మాట పాత అర్థంలోనే ఉంది. కబ్ మాస్టర్, స్కౌట్ మాస్టర్, గైడ్ కెప్టెన్ అందరూ జీతం లేనివారే. బడి జీతం బడిపనికి వస్తుంది, స్కౌటు పనికి రాదు. పైన జిల్లా కమిషనర్లు, జిల్లా చీఫ్ కమిషనర్, రాష్ట్ర చీఫ్ కమిషనర్ అనే పదవులు కూడా గౌరవ పదవులే. కార్యాలయం నడపడానికి, శిక్షణ చూడడానికి ఆర్గనైజింగ్ కమిషనర్ వంటి ఉద్యోగులు కొందరుంటారు. ఈ తేడా తెలియక ‘కమిషనర్’ అనగానే పోలీసు కమిషనరంత ఊహించుకుని సన్మానాలు చేసేవారున్నారు. యూనిట్‌ను చూసి పోవడం, చిక్కులుంటే తీర్చడం, శిక్షణకు దారి చూపడం ఆ పదవుల పని. శాలువా ఆ పనిలో భాగం కాదు.

పెద్దవాళ్లకూ శిక్షణ మెట్లు ఉన్నాయి. మొదట బేసిక్ కోర్సు, తరువాత అడ్వాన్స్‌డ్ కోర్సు, కొంతకాలం యూనిట్ నడిపి చూపించాక హిమాలయ వుడ్ బ్యాడ్జ్. అది వచ్చినవారి మెడలో తోలుతాడుకు రెండు చిన్న కొయ్యపూసలు వేలాడతాయి. 1919లో ఇంగ్లండులోని గిల్‌వెల్ పార్క్‌లో మొదటి శిక్షణ ముగిసినప్పుడు బేడెన్ పవల్ తన దగ్గరున్న ఆఫ్రికా హారం నుంచి పూసలు తీసి ఇచ్చాడు. ఆ ఆచారమే నేటికీ సాగుతోంది. బంగారం కాకుండా కొయ్య కావడం నాకు నచ్చిన విషయం.

పిల్లల సంఖ్యకూ హద్దుంది. ఆరుగురు నుంచి ఎనిమిదిమంది వరకు ఒక పేట్రోల్, అలాంటివి నాలుగు కలిస్తే 32 మందితో ఒక ట్రూప్. ఈ 32 ఎక్కడిదంటే, బేడెన్ పవల్ తాను ఒక్కొక్కరినీ తెలుసుకుని తీర్చగలిగింది 16 మందినేనని, ఇతరులు తనకంటే రెట్టింపు సమర్థులని అనుకుని ఆ అంకె వేశానని చెప్పాడు. వందమందికి ఒకే మేష్టారిని పెట్టి పేర్లు రాయించుకున్న చోట రిజిస్టరే తప్ప స్కౌటింగ్ ఉండదు.

మన దగ్గర చాలా యూనిట్లు బడికి అనుబంధంగా ఉంటాయి. అదే బలం, అదే బలహీనత. శ్రద్ధగల ఉపాధ్యాయుడు అయిదేళ్లపాటు ట్రూపు నిలబెడతాడు. బదిలీల కాలం వస్తుంది. ఆయన సాలూరు వైపో భోగాపురం వైపో వెళ్లిపోతాడు. తాళ్లు, కర్రలు, జెండా బీరువాలో ఉండిపోతాయి. పుస్తకాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. గ్రూపు కమిటీ అనే ఏర్పాటు ఉన్నది ఇందుకే. తల్లిదండ్రులు, బడి పెద్ద, ఊళ్లో నమ్మకస్థులు కలిసి కమిటీగా ఉంటే మేష్టారు మారినా ట్రూపు మిగులుతుంది. చాలాచోట్ల ఆ కమిటీ కాగితం మీదే ఉంటుంది.

డబ్బు దగ్గర కొంచెం ఆగాలి. యూనిట్‌కు ఏటా రిజిస్ట్రేషన్ ఉంటుంది. తాళ్లు, కర్రలు, ప్రథమ చికిత్స పెట్టె, వంటపాత్రలు, డేరాలు, బస్సు ఛార్జీలు వేరే. రాబడి దారులు కొన్నే: సభ్యుల రుసుము, శిబిరం రుసుము, దాతల చందా, నవంబరు 7 స్థాపన దినాన అమ్మే జెండా స్టిక్కర్లు, ఖరీ కమాయ్. ఈ చివరి మాట చాలామందికి కొత్త. కష్టపడి నిజాయితీగా సంపాదించినది అని అర్థం. పిల్లలు కొన్ని రోజులపాటు తెలిసిన ఇళ్లలో, దుకాణాల్లో చిన్నచిన్న పనులు చేసి, ఇచ్చినంత తీసుకుని, కార్డు మీద రాయించుకుని యూనిట్‌కు జమ చేస్తారు. బ్రిటన్‌లో 1949 నుంచి ఇలాంటి వారమే ‘బాబ్ ఎ జాబ్’ అనే పేరుతో నడిచింది. అడుక్కోకూడదు, సంపాదించాలి అన్నది బేడెన్ పవల్ పట్టుదల. మన స్కౌటు నియమాలు తొమ్మిదింటిలో పొదుపు ఒకటి. అయితే పల్లెలో ఇప్పటికే సెలవుల్లో పనికి పోయే పిల్లవాడిని ఖరీ కమాయ్ పేరుతో మళ్లీ పనికి పంపడం సరికాదు. ఆ తేడా చూడవలసింది మేష్టారు.

ఇప్పుడు ఉదాహరణకు ఒక చిన్న లెక్క వేద్దాం. 24 మంది పిల్లలు చంపావతి ఒడ్డున రెండు రోజుల శిబిరానికి తలా 200 రూపాయలు కట్టారనుకుందాం. జమ 4,800. వ్యానుకు 1,900, బియ్యం, పప్పు, కూరలకు 2,100, మందులకు 300. మొత్తం ఖర్చు 4,300. మిగిలింది 500. ఈ అయిదు వందలు ఎవరివి? మేష్టారు తన పెట్రోలుకు ఉంచుకున్నా ఎవరూ తప్పుపట్టరేమో. కానీ అది పిల్లల డబ్బు. యూనిట్ ఖాతాకు చేరాలి, లేదా తలా 20 తిరిగివ్వాలి. పెట్రోలుకు ఇవ్వదలిస్తే ముందుగా కమిటీ నిర్ణయించి, ఖర్చుల్లో ఆ మాట రాసి ఇవ్వాలి. ఎక్కువచోట్ల జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. అయిదు వందలు తక్కువపడితే మేష్టారు జేబులోంచి వేసుకుంటారు, ఎవరికీ చెప్పరు. అది మంచితనమే గాని, శిబిరానికి అసలు ఎంత ఖర్చవుతుందో ఊరికి ఎప్పటికీ తెలియదు. మరుసటి ఏడు వచ్చిన ఉపాధ్యాయుడు జేబు చూసుకుని తప్పుకుంటాడు.

ఈ రోజుల్లో మరో అలవాటు పెరిగింది. “మేష్టారి ఫోన్‌పేకి కొట్టేయండి” అంటారు. సులువే. కానీ ఆయన సొంత ఖాతాలో కిరాణా బాకీ, కూతురి ఫీజు, ట్రూపు డబ్బు కలిసిపోతాయి. పైసా ముట్టని మనిషి కూడా రేపు నిరూపించుకోలేడు. యూనిట్ పేర బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, నంబరు వేసిన రసీదు పుస్తకం, నగదు పుస్తకం ఉండాలి. శిబిరం ముగిసిన వారంలోగా లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇది మేష్టారి మీద అనుమానం కాదు, ఆయనకు రక్ష. యెరూషలేము పేదలకోసం పోగుచేసిన కానుకను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచినవారిని వెంటబెట్టుకున్నాడు. మన సంఘాల్లో కానుకల సంచి ఇద్దరు కూర్చుని లెక్కపెట్టే పద్ధతి కూడా అలాంటిదే. ట్రూపులో నగదు పుస్తకం రాసే పని పెద్ద పిల్లలకే అప్పగించి మేష్టారు సరిచూస్తే ఇంకా మంచిది. లెక్కల పాఠం కంటే గట్టిగా నిలుస్తుంది.

మూడో సంగతి పిల్లల మెట్లు. పదేళ్లు నిండి స్కౌటుగానో గైడుగానో చేరిన పిల్లలు ముందు ప్రవేశ్ పూర్తిచేస్తారు. తరువాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కార్. మొదటి మెట్లు యూనిట్‌లోనే పరీక్షిస్తారు. తృతీయ సోపాన్‌కు జిల్లా శిబిరం, రాజ్య పురస్కార్‌కు రాష్ట్ర శిబిరం, ఆపైదానికి జాతీయ స్థాయి పరీక్ష ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య నెలల వ్యవధి పెట్టారు. ముడులు వేయడం, ప్రథమ చికిత్స, దిక్సూచితో దారి కనుక్కోవడం, కట్టెలమీద వంట, రోజుకొక మంచిపని రాసుకునే డైరీ, ఇవేవీ రాత్రికి రాత్రి రావు. మెట్టు వేరు, పదవి వేరు. పేట్రోల్ లీడర్ పదవి ట్రూపు అవసరాన్ని బట్టి ఇచ్చేది, మారవచ్చు. మెట్టు మాత్రం ఆ బిడ్డ నేర్చుకున్నదానికి గుర్తు. సర్పంచిగారి అబ్బాయిని పేట్రోల్ లీడరును చేస్తే నష్టం కొంతే. చెయ్యని పనికి సోపాన్ రాసిస్తే అది అబద్ధపు సాక్ష్యం.

ఆ అబద్ధానికి నేడు ధర కూడా ఉంది. రైల్వేలకు స్కౌట్స్‌లో సొంత రాష్ట్ర సంఘాలున్నాయి. రైల్వే నియామకాల్లో స్కౌట్స్ కోటా ఉంది. రాష్ట్రపతి పురస్కార్ లేదా హిమాలయ వుడ్ బ్యాడ్జ్ వంటివి అక్కడ అర్హతలు. ఇంజినీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగులో కూడా ఎన్‌సీసీ, క్రీడలతోబాటు స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రత్యేక కేటగిరీగా కనిపిస్తుంది. గజపతినగరం స్టేషన్లో రాయపూర్ వైపు రైళ్లు చూస్తూ పెరిగిన పేదపిల్లలకు రైల్వే ఉద్యోగమంటే ఎంతో చెప్పనక్కర్లేదు. అందువల్ల సర్టిఫికెట్ కోసమే చేరేవారు, శిబిరానికి రాకుండా పేరు రాయించమని అడిగే తల్లిదండ్రులు, ‘ఏముందిలే’ అని సంతకం పెట్టే పెద్దలు తయారవుతారు. ఆ సంతకంతో నష్టపోయేది ప్రభుత్వం కాదు. నాలుగేళ్లు డైరీ రాసి, వానలో డేరా కట్టి, తృతీయ సోపాన్ పరీక్షలో ఒకసారి తప్పి మళ్లీ వెళ్లిన మెంటాడ పల్లెల ఆడపిల్లో, బొండపల్లి కుర్రాడో నష్టపోతారు. ఉన్న కొద్ది సీట్లలో వాళ్లది మరొకరికి పోతుంది. చేరిన తేదీ, ఒక్కో మెట్టు తేదీ, పరీక్షించినవారి సంతకం ఉన్న రికార్డును తల్లిదండ్రులు ఏటా ఒకసారి అడిగి చూడాలి. అది వారి హక్కు.

చందా, ఆవరణ ఇచ్చే సంఘాలు మరో విషయం కూడా చూడాలి. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. పిల్లలుగా ఉన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యామని 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. పరిహారానికి కుదిరిన మొత్తం 246 కోట్ల డాలర్లు. అక్కడ చాలా ట్రూపులకు ఆశ్రయమిచ్చింది చర్చిలే. యునైటెడ్ మెథడిస్టులు తమ వంతుగా 3 కోట్ల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. గది ఇచ్చాం గాని లోపల ఏం జరుగుతుందో అడగలేదు అన్న మాట వారిని కాపాడలేదు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి సంగతి తెలిసి దాచడం నేరం. కాబట్టి శిబిరంలో ఏ పెద్దవారూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. గైడ్ల శిబిరానికి గైడ్ కెప్టెన్‌గా మహిళ ఉండాలి. పిల్లల డేరాలు వేరు, పెద్దల డేరాలు వేరు. మంచి మేష్టారు ఈ షరతులకు నొచ్చుకోరు.

మహిళల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన ప్రాంతంలో గైడ్ కంపెనీ మొదలుపెట్టడానికి తరచు అడ్డుపడేది డబ్బు కాదు, గైడ్ కెప్టెన్. ఉపాధ్యాయురాలు సాయంత్రం నాలుగున్నరకు విజయనగరం బస్సు పట్టుకోవాలి. శిబిరమంటే రెండు రాత్రులు ఇల్లు వదలాలి. బేసిక్ కోర్సు పూర్తిచేసిన ఉపాధ్యాయురాళ్లు బడిలో లేకపోతే ఊళ్లో చదువుకున్న యువతులున్నారు. మన స్త్రీల సమాజాల్లో, సండేస్కూళ్లలో ఇరవై అయిదేళ్లలోపు అమ్మాయిలు పిల్లల్ని చక్కగా సముదాయిస్తున్నారు. వారిలో ఒకరిద్దరిని కోర్సుకు పంపడానికి అయ్యే దారి ఖర్చు, రుసుము సంఘం భరించగలిగినదే. పేర్లు అడగవలసింది బడి ప్రధానోపాధ్యాయుణ్ని గాని జిల్లా సంఘ కార్యదర్శిని గాని. అడగడానికి తగిన సమయం బడులు తెరిచిన మొదటి నెల.