ఊడిరానన్న ప్లగ్గు

ఇంటి ముందే సొంత బండి విప్పి బాగుచేసుకునే అమెరికన్ల దగ్గర 5.4 లీటర్ల ట్రైటన్ పేరెత్తి చూడండి, ముఖం చిట్లిస్తారు. ఫోర్డ్ కంపెనీ 2004 నుంచి ఎఫ్-150 ట్రక్కుల్లో పెట్టిన ఇంజిన్ అది, సిలిండరుకు మూడు వాల్వుల రకం. స్పార్క్ ప్లగ్గు మార్చుదామని పానా వేసి తిప్పితే మరలున్న పై సగం చేతికొస్తుంది, కింది గొట్టం సిలిండర్ హెడ్డులోనే ఉండిపోతుంది. అలాంటివి ఎనిమిది. లక్షా అరవై వేల కిలోమీటర్ల దాకా ముట్టుకోనక్కర్లేదని కంపెనీ చెప్పిన ప్లగ్గులవి. చిక్కంతా ఆ మన్నికలోనే ఉందంటాను.

ప్లగ్గు పుట్టిననాడు దానికి మన్నిక అన్న మాటే లేదు. 1860లో పారిస్‌లో ఎతియెన్ లెన్వార్ గ్యాసు ఇంజిన్ చేసినప్పుడు, పింగాణీలో ఇమిడిన తీగల మధ్య నిప్పురవ్వ పుట్టించాడు. ఆ ఇంజిన్‌లో గ్యాసును ముందుగా నొక్కిపెట్టే పని లేదు గనుక రవ్వ సులువుగానే దూకేది. 1876లో ఒట్టో ఇంజిన్ వచ్చి గ్యాసును నొక్కిపెట్టి మండించడం మొదలయ్యాక కథ మారింది. ఒత్తిడి పెరిగేకొద్దీ తీగల మధ్య అదే సందును దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గాట్‌లోబ్ హొనోల్డ్ 1902లో హై వోల్టేజి కరెంటు పుట్టించే మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును జతగా తయారు చేశాక గానీ కార్లకు నమ్మదగిన నిప్పు దొరకలేదు.

నమ్మదగినదన్న మాటే గానీ ఆనాటి ప్లగ్గులు మసిపట్టేవి, పింగాణీ పగిలేది. డ్రైవర్లు జేబులో వేరేవి పెట్టుకుని తిరిగేవారు. ఫోర్డ్ మోడల్ టీ కారు ప్లగ్గుకు నీళ్ల పైపులకుండే లాంటి ఏటవాలు మర ఉండేది. హెడ్డు పోత ఇనుము, ప్లగ్గు ఉక్కు, పైగా నాలుగు రోజులకోసారి విప్పుతూనే ఉండేవారు. బిగుసుకుపోయే తీరిక వాటికెక్కడిది?

మన దగ్గరా అంతే. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ ప్లగ్గులు తెలియని స్కూటరు మెకానిక్కు ఉండేవాడు కాదు. టూ స్ట్రోక్ స్కూటరు పెట్రోలుతో పాటు ఆయిలునూ మండించేది, ప్లగ్గు నల్లబడేది. డిక్కీలోంచి ప్లగ్ పానా తీసి, విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి కిక్కు కొట్టడం ఇంట్లో ఎవరైనా చేసే పనే.

తర్వాత రెండు మంచి పనులు జరిగాయి. ఇంజిన్ బరువు తగ్గాలని హెడ్డును అల్యూమినియంతో పోశారు. ప్లగ్గు కొన అరిగిపోకుండా మొదట ప్లాటినం, ఆ తర్వాత 2,446 డిగ్రీల దాకా కరగని ఇరిడియం అతికించారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే ప్లగ్గు సెకనుకు పాతిక రవ్వలు విసరాలి. అంత పనినీ పదేళ్లు చేయగల ప్లగ్గు వచ్చింది. అంటే పదేళ్లు ఎవరూ విప్పని ప్లగ్గన్నమాట.

ఆ పదేళ్లలో మరల్లో జరిగేది ఇది. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బండి నడిచినప్పుడల్లా, ఆగినప్పుడల్లా రెండు లోహాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. సందులోకి తేమ చేరితే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం తినుకుపోతుంది. ఆ తెల్లటి పొడి మరలను పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే ఉక్కు గెలుస్తుంది, హెడ్డులోని మరలు ప్లగ్గుకు చుట్టుకుని బయటికొస్తాయి.

వేడి మీద విప్పితే పోలేదా, కన్నం పెద్దదవుతుందిగా అనిపిస్తుంది. లెక్క సరైనదే. కాకపోతే వేడెక్కిన అల్యూమినియం మెత్తబడి, మరలు ఇంకా తేలిగ్గా చిరిగిపోతాయి. అందుకే ఇంజిన్ చల్లారాకే పానా వేయమంటారు.

ట్రైటన్‌ది ఇంకో రకం రోగం. దాని ప్లగ్గు బాడీ రెండు ముక్కలు, అంచు నొక్కి కలిపినవి. కింది గొట్టం సన్నటి కన్నంలోకి పొడుగ్గా దిగి ఉంటుంది. దాని చుట్టూ మసి గడ్డకడుతుంది. ఫోర్డ్ మెకానిక్కులకు చెప్పిన విధానంలో సగం ఓపికే: చల్లని ఇంజిన్‌లో ప్లగ్గును చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి ఆపాలి, కార్బ్యురేటర్ క్లీనరు అరచెంచాకు కాస్త ఎక్కువగా పోయాలి, కనీసం పావుగంట ఆగాలి. తర్వాత బిగిస్తూ వదులుతూ కొద్దికొద్దిగా పైకి తేవాలి. కీచుమని అరుస్తుంది, అరవనివ్వండి. విరిగిందా, మిగిలిన గొట్టం లోపల ట్యాపుతో మరలు కోసి, బోల్టు దించి పైకి లాగే పనిముట్లు విడిగా అమ్ముతారు. పింగాణీ ముక్క సిలిండర్లో పడకుండా చూసుకోవాలి, పడితే పిస్టన్‌కు గండం.

తమాషా ఏమిటంటే, అదే పేరుతో అంతకు ముందొచ్చిన రెండు వాల్వుల ట్రైటన్‌లో ప్లగ్గు వద్దన్నా ఊడొచ్చేది. దాన్ని పట్టుకున్నవి నాలుగైదు మరలే. నడుస్తున్న ఇంజిన్‌లోంచి ఎగిరి బయటపడేది.

అలా మరలు పోయిన హెడ్డును పారేయనక్కర్లేదు. కన్నాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగను స్ప్రింగులా చుట్టిన హెలికాయిల్ దించుతారు. మన లేత్ షాపుల్లో బుష్ వేస్తారు. ఏది వేసినా మెత్తటి అల్యూమినియం మర స్థానంలో గట్టి లోహం వస్తుంది గనుక ఆ చోటు పాతదానికన్నా బలంగానే ఉంటుంది. మరలు కోసేటప్పుడు ట్యాపు గాళ్లలో గ్రీజు నింపితే రజను సిలిండర్లో పడకుండా చాలావరకు దానికే అంటుకుంటుంది.

కొత్త ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. వాషరున్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గయితే చేత్తో ఆగాక అర నుంచి మూడింట రెండొంతుల చుట్టు, ఏటవాలు అంచుదైతే పదహారో వంతు చాలు. మళ్లీ పట్టేయకుండా మరలకు యాంటీ సీజ్ పేస్టు పూయాలా అన్నది తెగని తగాదా. జపాను కంపెనీ ఎన్‌జీకే వద్దంటుంది: మరలకున్న పూతే చాలు, జారుడు పెరిగితే టార్క్ రెంచి అదే అంకె చూపిస్తున్నా ప్లగ్గు ఇరవై శాతం దాకా ఎక్కువ బిగుస్తుంది అని. ట్రైటన్‌కు మాత్రం ఫోర్డే నికెల్ పేస్టు పూయమంది, అయితే మరలకు కాదు, మసి పట్టే ఆ కింది గొట్టానికి.