నాలుక సాక్ష్యము: చింతపండు మొదలు చెక్కపీపా వరకు

షడ్రుచులలో పులుపునకు ఒక ప్రత్యేకత ఉన్నది. తీపిని పసిబిడ్డ సైతము కోరుతుంది. చేదును పసిబిడ్డ సైతము ఉమ్మివేస్తుంది. పులుపు సంగతి అట్లు కాదు. అది ఒక మోతాదు వరకు ఇష్టము, ఆ మోతాదు దాటితే కష్టము. చింతకాయ పేరు చెప్పగానే నోరు ఊరుతుంది. కాని పులుసులో చింతపండు కొంచెము ఎక్కువ పడితే పళ్లు పులిసిపోతాయి.

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురములో ఈ మోతాదు వంటింటితో ముగిసేది కాదు. 2022 వరకు అనంతపురము జిల్లాలో ఉండిన ఈ పట్టణము చింతపండు వ్యాపారమునకు పేరుపొందినది. ఏటా వేసవి ఆరంభములో, ఉగాదికి కొంచెము ముందు వెనుకలుగా, కొత్త చింతపండు ఇక్కడి మార్కెట్టుకు వస్తుంది. పైపెంకు, ఈనెలు, గింజలు తీసిన పండు రాశులుగా పోస్తారు. కరిపులి రకమునకు ఒక ధర, ఫ్లవరు రకమునకు మరొక ధర పలుకుతుంది. కొనేవాడు రంగు చూస్తాడు, వ్రేళ్లతో నొక్కుతాడు, అవసరమైతే ఒక రెబ్బ నోట వేసికొంటాడు. చింతచెట్టు ఏడాదికి ఒక్కసారే పంట ఇస్తుంది. కనుక కంటితో, నాలుకతో క్షణకాలములో జరిగే ఈ పరీక్ష మీద ఒక కుటుంబపు ఏడాది రాబడిలో కొంత భాగము ఆధారపడి ఉంటుంది.

మరి నాలుక సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నను గురించి ఎక్కువగా ఆలోచించినవారిలో ఐరోపాలోని బీరు తయారీదారులు ముఖ్యులు. పండ్లు వేసి, చెక్కపీపాలలో ఏళ్ల తరబడి నిలవచేసిన పుల్లని బీరు బెల్జియము దేశములో ఒకటి ఉన్నది. దాని మంచిచెడ్డలు తేల్చేది నాలుకే. హిందూపురపు చింతపండుకు, ఆ పీపాకు మధ్య ఉన్న చుట్టరికము తెలిసికొంటే పులుపును గురించిన శాస్త్రము చాలవరకు తెలిసినట్లే.

పులుపు అంటే ఏమి?

ఆమ్లములు నీటిలో కరిగినప్పుడు హైడ్రోజను అయానులను, అనగా ప్రోటానులను విడుదల చేస్తాయి. నాలుక మీది రుచిమొగ్గలలో కొన్ని కణములకు ఈ ప్రోటానులు లోనికి పోగల సన్నని ద్వారములు ఉన్నవి. ప్రోటానులు లోనికి పోగానే కణము మేల్కొని మెదడుకు వార్త పంపుతుంది. ఆ వార్తనే మనము పులుపు అంటాము. ఈ ద్వారము ‘ఓటాప్ 1’ అనే ప్రోటీనుతో ఏర్పడినదని 2018, 2019 సంవత్సరములలో ప్రచురితమైన పరిశోధనల వలన తెలియవచ్చినది.

ఆమ్లత్వమును అంకెలలో చెప్పడానికి పి.హెచ్. మానము వాడుతారు. దీనిని 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించినాడు. ఆయన పనిచేసినది డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారమునకు చెందిన ప్రయోగశాలలో. పి.హెచ్. ఒక అంకె తగ్గితే హైడ్రోజను అయానుల గాఢత పదిరెట్లు పెరిగినట్లు లెక్క.

అయితే పి.హెచ్. ఒక్కటే పులుపును నిర్ణయించదు. ఒకే పి.హెచ్. గల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పలుచని ద్రావణము కంటె ఎసెటిక్ ఆమ్లపు ద్రావణము నాలుకకు ఎక్కువ పుల్లగా ఉంటుంది. కారణము సులభమే. బలహీనమైన ఆమ్లము తన ప్రోటానులలో కొన్నిటినే మొదట విడుస్తుంది; మిగిలినవి నిలవలో ఉంటాయి. లాలాజలము కొన్నిటిని హరించగానే నిలవలోనివి బయటికి వస్తాయి. చేతిలోని సొమ్ము వేరు, పెట్టెలోని సొమ్ము వేరు. పి.హెచ్. చేతిలోని సొమ్మును చెబుతుంది. రెండూ కలిపి లెక్కించితే మొత్తము ఆమ్లత తేలుతుంది.

పండులోని పులుపు

మామిడికాయ పండేకొలది అందులోని ఆమ్లము తగ్గిపోతుంది. చింతకాయ అట్లు కాదు. దానిలోని టార్టారిక్ ఆమ్లము పండిన తరువాత కూడ ఖర్చు కాదు; చక్కెర మాత్రము పెరుగుతుంది. ఎండిన చింతగుజ్జులో నూటికి 8 నుండి 18 వంతుల వరకు టార్టారిక్ ఆమ్లము, 25 నుండి 45 వంతుల వరకు చక్కెరలు ఉంటాయి. ఇంత పులుపు, ఇంత తీపి ఒక్కచోట చేరిన పండు మరొకటి దొరకడము అరుదు. తీపి పులుపును కప్పివేస్తుంది కనుక, ఆమ్లము సమానముగా ఉన్న రెండు పండ్లలో చక్కెర తక్కువైనదే ఎక్కువ పుల్లగా తోస్తుంది. నాలుక ఇక్కడ ఒకసారి మోసపోయినది.

టార్టారిక్ ఆమ్లమును మొదట వేరుచేసినది చింతపండు నుండి కాదు. ద్రాక్షసారాయి పీపాల లోపలి గోడలకు గట్టిగా అంటుకొనే తెల్లని పొర నుండి 1769లో స్వీడన్ రసాయనిక శాస్త్రజ్ఞుడు షీలే దానిని తీసినాడు. 1848లో లూయీ పాశ్చరు ఈ ఆమ్లమునకు సంబంధించిన ఒక లవణపు స్ఫటికములను భూతద్దము క్రింద పరీక్షించి, అవి కుడిచేయి, ఎడమచేయి వలె రెండు రకములుగా ఉన్నవని కనుగొన్నాడు. అణువులకు కూడ కుడి ఎడమలు ఉంటాయనే గొప్ప సత్యము ఆ విధముగా బయటపడినది. పీపాలోని పొర, పులుసులోని చింతపండు ఒకే ఆమ్లమును ఇస్తాయి.

కుండలోని పులుపు

చింతపండులోని పులుపును చెట్టే తయారుచేస్తుంది. మరొక జాతి పులుపును సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. పెరుగులోని లాక్టిక్ ఆమ్లము ఇందుకు ఉదాహరణ. ఈ పని సజీవమైన సూక్ష్మజీవులదే అని 1857లో నిరూపించినవాడు కూడ పాశ్చరే.

రాయలసీమలో వాగుల వెంబడి ఈతచెట్లు కనిపిస్తాయి. చెట్టు గీచినప్పుడు కారే రసము మొదట తియ్యగా ఉంటుంది. కుండలో అంటుకొని ఉన్నవి, గాలిలో నుండి వచ్చినవి అయిన ఈస్టులు, బాక్టీరియాలు వెంటనే పని ఆరంభిస్తాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చుతుంది. కుండలో నురుగు లేవడము అందువలననే. లాక్టిక్ బాక్టీరియా పులుపును ఇస్తుంది. గాలి తగిలిన కొలది ఎసెటిక్ బాక్టీరియా ఆల్కహాలును వినిగరుగా మార్చుతుంది. ఉదయము తియ్యని రసము సాయంత్రమునకు కల్లు. మరి రెండు మూడు దినములకు నోట పెట్టరానంత పులుపు. నీరా కావలసినవారు కుండ లోపల సున్నము పూస్తారు. సున్నపు క్షారగుణము వలన ఈ జీవుల పని మందగించి రసము తియ్యగా నిలుస్తుంది.

పీపాలోని పులుపు

బెల్జియము రాజధాని బ్రస్సెల్సు చుట్టుప్రక్కల లాంబిక్ అనే బీరు తయారవుతుంది. మొలకెత్తించిన బార్లీ, మొలకెత్తించని గోధుమ కలిపి వేడినీటిలో నానవేస్తారు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చుతాయి. మన ఇండ్లలో రాగులను మొలకకట్టి పిండి చేసినప్పుడు ఆ పిండి తియ్యబడడానికి కారణము ఇదే. వడపోసిన తియ్యని నీటిని పాత హాప్ పూలతో గంటల తరబడి మరిగించి, వెడల్పైన లోతులేని తొట్టిలో రాత్రంతా మూత లేకుండా చల్లార్చుతారు. తోడు ఎవరూ వేయరు. గాలిలోనివి, కప్పుదూలములలోనివి, పీపాచెక్కలోనివి అయిన జీవులే తోడు. వేసవిలో చెడు జీవులు పెరుగుతాయి కనుక చలికాలములోనే ఈ పని చేస్తారు. 1900లో స్థాపితమైన కాంటియోన్ కర్మాగారములో ఈ పద్ధతి నేటికీ నడుస్తున్నది.

తరువాత ఓకు చెక్కపీపాలో ఒక సంవత్సరము మొదలు మూడు సంవత్సరముల వరకు నిలవ. అందులో జీవులు వంతుల వారీగా పనిచేస్తాయి. మొదటి మాసములో కొన్ని ప్రేగు బాక్టీరియా జాతులు. తరువాత సాధారణ ఈస్టు. అటుపిమ్మట లాక్టిక్ ఆమ్లమునిచ్చే పీడియోకాకస్. చివర బ్రెట్టనోమైసిస్ అనే మందగామి ఈస్టు. ఈ చివరిదానికి 1904లో పేరు పెట్టిన క్లాసెన్ కూడ కార్ల్స్‌బర్గ్ శాస్త్రజ్ఞుడే. గుఱ్ఱపుజీను వంటి విచిత్రమైన వాసన దాని చలవే.

క్రీక్ అనే రకములో లీటరుకు సుమారు 200 గ్రాముల పుల్లని చెర్రీపండ్లు వేస్తారు. పండ్లలోని చక్కెరతో కిణ్వనము మరల మొదలవుతుంది. రంగు దిగుతుంది, మాలిక్ ఆమ్లము చేరుతుంది, గింజల నుండి బాదము వంటి వాసన వస్తుంది.

కల్లు రెండు దినములలో వినిగరు అవుతూ ఉండగా లాంబిక్ మూడేళ్లు ఎట్లు నిలుస్తున్నది? రెండు కారణములు. కుండ నోరు తెరచి ఉంటుంది. పీపా చెక్క మాత్రము ప్రాణవాయువును అతి స్వల్పముగా లోనికి రానిస్తుంది. ఎసెటిక్ బాక్టీరియాకు గాలి లేనిదే బలము లేదు. రెండవది, అక్కడి చలి. అయినను అన్ని పీపాలూ ఒకే తీరుగా పండవు. కొన్ని వినిగరు అయిపోతాయి. కనుక ప్రతి పీపానూ రుచిచూచి, ఏది దేనిలో కలపవలెనో, ఏది పారబోయవలెనో తేల్చవలసి ఉంటుంది. ఈ బీరు అరుదు కావడానికి కాలము, చలి, ఈ పరీక్ష మూడూ కారణములే.

నాలుకను పరీక్షించే పద్ధతి

నాలుకకు పెద్ద శత్రువు కన్ను. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగములో ఫ్రాన్సులోని బోర్డో నగరములో 54 మంది ద్రాక్షసారాయి శాస్త్ర విద్యార్థులకు తెల్ల ద్రాక్షసారాయిలో ఎఱ్ఱరంగు కలిపి ఇచ్చినారు. వారు దానిని ఎఱ్ఱ ద్రాక్షసారాయికి వాడే మాటలతోనే వర్ణించినారు. చింతపండు విషయములోను ఇట్లే జరుగవచ్చును. నిలవ ఉన్నకొలది చింతపండు నల్లబడుతుంది, ధర పడిపోతుంది. ఆ మార్పును ఆలస్యము చేయడానికే శీతల గిడ్డంగులలో ఉంచుతారు. కాని నల్లబడినంత మాత్రమున పులుపు అంతగా తగ్గినట్లు కాదు.

దీనికి విరుగుడుగా 1940వ దశకములో కార్ల్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు వాడుకలోనికి తెచ్చినది మూడు గిన్నెల పరీక్ష. దీనికి బీరు అక్కరలేదు; పాఠశాలలో చింతపండుతో చేయవచ్చును. రెండు రకముల చింతపండును వేరువేరుగా 20 గ్రాముల చొప్పున లీటరు మంచినీటిలో పిసికి వడకట్టవలెను. ప్రతి విద్యార్థికి మూడు గిన్నెలు ఇవ్వాలి. రెండింటిలో ఒకే రకము, ఒకదానిలో మరొకటి. రంగు కనబడకుండ కళ్లు మూసికొని, నడుమ నీటితో పుక్కిలించి, వేరుగా ఉన్న గిన్నె ఏదో చెప్పవలెను. గిన్నెలను ఉంచడానికి ఆరు వరుసలు సాధ్యము. 12 మంది ఉంటే ఒక్కొక్క వరుస ఇద్దరికి వస్తుంది.

ఏమీ తెలియక ఊహించి చెప్పినా ముగ్గురిలో ఒకరిది సరి అవుతుంది. అనగా 12 మందిలో సగటున నలుగురిది. కనుక నలుగురు సరిగా చెప్పినంతలో భేదము తెలిసినదనరాదు. కేవలము ఊహతో 7 మందికి తక్కువ కాకుండ సరిపోయే అవకాశము నూటికి 6 లేక 7. ఎనిమిది మందికి తక్కువ కాకుండ సరిపోయే అవకాశము నూటికి 2 కంటె తక్కువ. కనుక 8 మంది చెప్పగలిగితేనే భేదము నిజమని నమ్మవచ్చును.

నాలుకకు తోడు బ్యూరెట్టు

భేదము ఉన్నదని నాలుక చెప్పగలదు. ఎంత అని చెప్పలేదు. అందుకు అంశమాపనము కావలెను. 10 గ్రాముల చింతగుజ్జును నీటిలో కలిపి, వడకట్టి, 100 మిల్లీలీటరులు చేయవలెను. అందులో 10 మి.లీ. తీసి, రంగు అడ్డురాకుండ నీటితో బాగా పలుచన చేసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్టు నుండి డెసినార్మల్ సోడియము హైడ్రాక్సైడును గులాబిరంగు నిలిచే వరకు విడువవలెను. ఈ క్షారము ఒక మిల్లీలీటరు 7.5 మిల్లీగ్రాముల టార్టారిక్ ఆమ్లమునకు సమానము. 16 మి.లీ. పట్టినదనుకొందాము. అప్పుడు 16 × 7.5 = 120 మిల్లీగ్రాములు. తీసికొన్న ద్రవములో గుజ్జు 1 గ్రామే కనుక ఆమ్లము నూటికి 12 వంతులు. ఆమ్లములో కొంత పొటాషియముతో కలిసి ఉంటుంది. ఆ కలిసిన భాగము ఈ లెక్కకు రాదు.

ధర్మవరము పట్టుచీరలకు పేరు. పట్టుదారమునకు ఆమ్ల వర్ణకములు చక్కగా పట్టాలంటే రంగునీటిలో ఎసెటిక్ ఆమ్లము వంటిది తగు పాళ్లలో ఉండాలి. అక్కడ ఎవరూ నాలుకతో చూడరు, కొలిచి పోస్తారు. నోటితో చూడదగిన వస్తువు విషయములో కూడ కొలత అవసరమే.

నాలుకకు అసలే తెలియనివి కూడ ఉన్నవి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో చింతపండు పులుసు ఉంచితే ఆమ్లము లోహమును కరగించుతుంది. హాని కలిగే మోతాదు చేరినా పులుపు చాటున రుచిలో పట్టుబడకపోవచ్చును. కళాయి పూయించే ఆచారమునకు అర్థము ఇదే. మత్తుమందులు కలిపిన కల్తీకల్లు త్రాగి ప్రాణములు పోగొట్టుకొన్న సంఘటనలు తెలుగు ప్రాంతములలో పలుమార్లు జరిగినవి. త్రాగినవారి నాలుక వారిని హెచ్చరించలేదు.

నాలుక మంచి సాక్షి. కాని ఒంటరి సాక్షి. కన్ను కప్పి, మూడు గిన్నెలు పెట్టి, పదిమందిని అడిగితే దాని మాటకు విలువ వస్తుంది. బ్యూరెట్టు బలపరచితే ఆ విలువ అంకెగా మారుతుంది. తన చింతపండులో ఆమ్లము నూటికి ఎంత ఉన్నదో చెప్పగలిగిన రైతుకు, నల్లగా ఉన్నదని ధర తగ్గించబోయేవారికి ఇవ్వదగిన సమాధానము చేతిలో ఉంటుంది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల ఉన్నత పాఠశాలలలో పదవ తరగతి విద్యార్థులు ఒక పీరియడులో తేల్చగల లెక్క అది.